మామిడిపిందెల అంచు చీరలు రెండు

ఆ ఎర్రచీర నాకు గుర్తుంది. గుర్తు లేదని చెప్పాను.

నరసరావుపేట మెయిన్ బజార్లో నేను పనిచేసిన బట్టల షాపులో, ఒక వేసవి మధ్యాహ్నం, ఇద్దరు ఆడవాళ్ళు ఆ చీర నా ముందు పెట్టి ఒక మాట అడిగారు. "సీజన్లో ఎన్నో చీరలు అమ్ముతామండీ, ఏది ఎవరికిచ్చామో ఎక్కడ గుర్తుంటుంది" అన్నాను. అది అబద్ధమని వాళ్ళలో ఒకావిడకి తెలుసు. రెండో ఆవిడకి తెలియదు. తెలియాల్సింది ఆ రెండో ఆవిడకే.

పేటలో ఇప్పటికీ పాత బట్టల కొట్ల మాట వస్తే, ఆ షాపుని ఓనరు కొడుకే ముంచాడంటారు. చాలా ఏళ్ళు నేనూ ఆ మాటకి తలూపుతూ వచ్చాను. అతనొక్కడే ముంచలేదు. కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తూ ఆ సరుకు అమ్మింది నేను.

తొంభైల మధ్యలో, ఇంటర్ తప్పాక అక్కడ చేరాను. ఓనర్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం. నాకు మొదట ఇచ్చిన పని అమ్మకం కాదు, చాకిరేవు. కొత్త బేలు విప్పగానే అందులోంచి ఒక చీరో, చొక్కా గుడ్డో తీసి నా చేతిలో పెట్టేవారు. మేడ మీద సిమెంటు తొట్టిలో దాన్ని నానబెట్టి, మర్నాడు ఉతికి దండెం మీద ఆరెయ్యాలి. తొట్టిలో నీళ్ళు మాత్రం పారబోయకూడదు. సాయంత్రం ఆయన మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, ముందు ఆ నీళ్ళే చూసేవారు. నీళ్ళు తేటగా ఉంటే బేలు షాపులోకి దిగేది. రంగు కనిపిస్తే లారీ ఆఫీసుకి వెనక్కి పోయేది. పంపినవాడు ఫోను చేసి ఎంత బతిమాలినా, "నా మొహం చూసి కొంటారయ్యా, నీ మొహం ఎవరు చూశారు" అనేవారు.

అందువల్ల మా షాపులో బేరం తెంచే మాట ఒకటుండేది. "మేడ మీద ఆరేసి చూశాం." ఆ మాటన్నాక చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు. ఫ్యాషన్లో మేము గుంటూరు కంటే ఎప్పుడూ ఏడాది వెనకే ఉండేవాళ్ళం. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. చీరాల, వేటపాలెం వైపు నుంచి వచ్చే నూలు చీరలు, పెద్ద గళ్ళ లుంగీలు, బడిపిల్లల యూనిఫాం గుడ్డ, చొక్కా చిరిగినా చిరగని పంట్లాం గుడ్డ. తెల్ల దుప్పట్లు పరిచిన పరుపుల మీద కుటుంబాలు కుటుంబాలు కూర్చునేవి. నచ్చిన చీర తీసుకుని ఆడవాళ్ళు వీధిలోకి నడిచేవాళ్ళు. ట్యూబులైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు అని వాళ్ళకి తెలుసు. మేమే వెంట వెళ్ళి కొంగు పట్టుకుని నిలబడేవాళ్ళం.

యార్డులో మిర్చి అమ్ముకున్నాక పెళ్ళిబట్టలకి వచ్చే వాళ్ళతో మాఘం నుంచి వైశాఖం దాకా ఊపిరాడేది కాదు. వాళ్ళ బట్టల్లో ఉన్న మిర్చి ఘాటుకి మేమంతా తుమ్ముతూ చీరలు విప్పేవాళ్ళం.

అలా వచ్చేవాళ్ళలో వినుకొండ రోడ్డులోని ఒక పల్లెటూరావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. వచ్చినప్పుడల్లా వాళ్ళ కల్లంలోని ఎండుమిరపకాయలు ఒక గుడ్డసంచీలో తెచ్చి నాకిచ్చేది. మేమంతా ఆవిడని మిరపకాయలక్క అనేవాళ్ళం, ఎదురుగానే. మిగతా పరుపులు ఖాళీగా ఉన్నా నా ముందే కూర్చునేది.

"వేరేవాళ్ళు చూపిస్తారక్కా, నా దగ్గర జనం ఉన్నారు" అంటే, "ఉండనీ. వాళ్ళు నా కాయలు తినలేదుగా" అనేది.

పెద్దాయనకి పక్షవాతం వచ్చి కాలు చెయ్యి పట్టుతప్పాక, గల్లాపెట్టె దగ్గరికి కొడుకు వచ్చాడు. అతన్ని చిన్నాయన అనేవాళ్ళం. మంచివాడే. మా ఇంట్లో జబ్బు చేస్తే అడక్కుండానే సెలవిచ్చేవాడు. కానీ అప్పటికి గుంటూరులో పెద్ద పెద్ద షోరూములు వచ్చాయి. బస్సెక్కితే గంటన్నర. అక్కడ ఏసీ ఉంది, లిఫ్టు ఉంది, రెండు కొంటే మూడోది ఊరికే ఇస్తున్నారు. చిన్నాయన భయపడ్డాడు. ఏసీ బిగించి, వీధివైపు అద్దాల తలుపులు పెట్టించాడు. పరుపులు తీసేసి ఎత్తు కౌంటర్లు వేయించాడు. గుమ్మంలో తెల్లటి ప్లాస్టిక్ బొమ్మల్ని నిలబెట్టి, వాటికి వారానికోసారి బట్టలు మార్చమన్నాడు.

ఆ తర్వాత సరుకు మారింది. గుజరాత్ మిల్లుల నుంచి బేళ్ళు రావడం మొదలైంది. మన నూలు చీరల డిజైన్లే, అంచులతో సహా అచ్చు దించి, సగం నూలు సగం పాలియెస్టరుతో నేసినవి. గంజి పెట్టి ఇస్త్రీ చేసి అట్టపెట్టెలో పెడితే నేనే ఒక్కోసారి పొరబడేవాణ్ణి. వాటికి మా షాపు లేబులే కుట్టించి, పాత అల్మరాలోనే పాత సరుకు పక్కన సర్దించాడు. ధర కూడా ఒకటే. ఆదివారం వచ్చిన బేలు సోమవారం అమ్మకానికి దిగాలి. మేడ మీద తొట్టిలో పాత అట్టపెట్టెలు పడేశాం. "ఆరేసి చూడొద్దా" అని ఒకసారి అడిగాను. "ఎవరు చూస్తున్నారన్నా ఈ రోజుల్లో, రెండుసార్లు కట్టి పారేస్తున్నారు" అన్నాడు. అందులో కొంత నిజముంది. నేను మళ్ళీ అడగలేదు.

ఆ కొత్త బేళ్ళలో మామిడిపిందెల అంచు చీర ఒకటి, ఎరుపు, మా ఆవిడకి తీసుకెళ్ళాను. మొదటిసారి ఉతికిన రోజు నన్ను పిలిచి బకెట్ చూపించింది. నీళ్ళు పారాణిలా ఉన్నాయి. పక్కన నా బనియన్లన్నీ గులాబీరంగు తిరిగాయి.

"మీ షాపులో చీర కొంటే బనియన్లకి రంగు ఊరికే వేస్తారా? బోర్డు మీద రాయించండి, జనం ఇంకా వస్తారు" అంది.

నవ్వేశాను. ఆ వారమే మిరపకాయలక్క కొడుకు పెళ్ళిబట్టలకి వచ్చింది.

మా వైపు పెళ్ళిబట్టలంటే వధూవరుల బట్టలు ఒక పూటలో అయిపోతాయి. రోజంతా పట్టేది పెట్టుబడి బట్టలకే. ఎవరెవరికి చీర పెట్టాలి, ఎవరికి ఏ పాటిది పెట్టాలి, ఎవరిది ఎవరి దానికి తీసిపోకూడదు. వాటిలో ఇద్దరి చీరల దగ్గర ఆవిడ ఎక్కువసేపు ఆగింది. ఒకరు తన చెల్లెలు. ఇంకొకరు ఆడపడుచు, భర్తకి అక్క, పెళ్ళికొడుక్కి మేనత్త. తల్లి లేని తమ్ముణ్ణి ఆ అక్కే పెంచి పెళ్ళి చేసింది. అత్తగారు లేని ఇంట్లో మిరపకాయలక్కకి కాపురం నేర్పింది కూడా ఆవిడే.

"ఇద్దరికీ ఒకటే రకం తియ్యి అబ్బాయ్. రంగు మారినా రకం మారకూడదు. చెల్లెలికి తక్కువైనా పర్లేదు, మా వదిన కంటికి ఏదీ ఓ పట్టాన ఆనదు" అంది.

మామిడిపిందెల అంచులో ఆకుపచ్చ నచ్చింది, ఎరుపు నచ్చింది. ఆకుపచ్చ పాత సరుకులో అడుగున మిగిలిన చీర, వేటపాలెం వైపుది. ఎరుపు కొత్త బేలుది. రెండూ విప్పి ఒడిలో వేసుకుని అంచులు రుద్ది చూసింది. ఎర్రదాన్ని ఎండలో చూస్తానంటూ లేచింది. అద్దం తలుపు దగ్గర కుర్రాడు, ఏసీ పోతుంది, బట్టలు బయటికి తీసుకెళ్ళకూడదని ఆపాడు. వెనక్కి వచ్చి కూర్చుంది.

"రంగు పోదుగా అబ్బాయ్?"

"మేడ మీద ఆరేసి చూశామక్కా" అన్నాను.

అలవాటుగా వచ్చిన మాట అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అలవాటు కాదు. అనేముందు మా ఇంట్లో బకెట్ నా కళ్ళ ముందు కదిలింది. ఆ అంచులో ఇంకో చీర పాత సరుకులో లేదు. లేదని చెప్తే ఆవిడ లేచి వేరే షాపుకి వెళ్తుంది. ఆ రోజు బేరం పెద్దది, చిన్నాయన చూస్తున్నాడు.

పెళ్ళిలో జరిగింది నాకు తర్వాత తెలిసింది. వైశాఖం ఎండ, రేకుల పందిరి. మేనత్త పొద్దుటి నుంచి పెట్టుబడి చీరతోనే తిరిగింది. ముహూర్తం వేళకి చెమటకి రంగు దిగి రవికె మీదికి, మెడ మీదికి, మోచేతుల దాకా పాకింది. పెళ్ళికూతురు తరఫు ఆడవాళ్ళెవరో, "వసంతాలు ఇంకా కలపనేలేదు, మీరప్పుడే చల్లేసుకున్నారా వదినగారూ" అని నవ్వారట. అదే పందిట్లో మిరపకాయలక్క చెల్లెలు, అదే అంచు ఆకుపచ్చ చీరలో, నలగకుండా తిరుగుతోంది.

చూసినవాళ్ళకి ఇంకేం చెప్పాలి? తోడబుట్టినదానికి మంచిది, ఆడపడుచుకి నాసిరకం. ఆడపడుచు మర్నాడే చీర మడతపెట్టి తిప్పి ఇచ్చేసింది. పెట్టిన చీర తిప్పి ఇవ్వడమంటే ఇక ఈ గుమ్మం తొక్కనని చెప్పడమే. మిరపకాయలక్క చేతులు పట్టుకుని బతిమాలింది. "ఒక్కసారి షాపుకి రా వదినా. నేనేం అడిగానో ఆ అబ్బాయే చెప్తాడు. అప్పుడు నీ ఇష్టం." అలా ఇద్దరూ వచ్చారు. భర్త లోపలికి రాలేదు. అద్దం తలుపు అవతల, సోడాబండి నీడలో నిలబడ్డాడు.

మిరపకాయలక్క చీర కౌంటరు మీద పెట్టి ఇంకా నోరు తెరవకముందే ఆడపడుచు అడ్డుపడింది.

"నువ్వు మాట అందివ్వకు. అతన్ని చెప్పనీ." నా వైపు తిరిగింది. "చెప్పు నాయనా. మా మరదలు వాళ్ళ చెల్లెలికొకటి, నాకొకటి తీసుకుందట. రెండూ ఒకటే రకం అడిగిందా? లేకపోతే ఆడపడుచుకి కాస్త తగ్గులో చూపించమందా?"

కోపం లేదు ఆ గొంతులో. ఒకటే అడిగిందని నేను అంటే నమ్మడానికే వచ్చింది. అది ఆమె మొహం మీద కనిపిస్తూనే ఉంది.

ఒకటే అడిగింది అంటే, మరి ఒకటి రంగు పోయి ఒకటి ఎందుకు పోలేదని అడుగుతుంది. బేళ్ళు రెండని చెప్పాలి. నాకు తెలిసే ఇచ్చానని చెప్పాలి. ఎడమపక్క కౌంటర్లో చిలకలూరిపేట నుంచి వచ్చిన పెళ్ళివారు చీరలు చూడటం ఆపి వింటున్నారు. గల్లాపెట్టె దగ్గర చిన్నాయన తల ఎత్తలేదు, కానీ రాస్తున్న పెన్ను ఆగింది.

గుర్తు లేదన్నాను.

"గుర్తు లేదంట" అంది ఆడపడుచు. చీర మడత సరిచేసి మరదలి చేతిలో పెట్టింది. "మీ చెల్లెలికే ఇచ్చెయ్యి. అంచుకి అంచు సరిపోయింది" అంటూ తలుపు వైపు నడిచింది.

మిరపకాయలక్క ఆ చీర పట్టుకుని నా వైపు తిరిగింది.

"మొన్న ఇచ్చిన కాయలు కారం బాగున్నాయా అబ్బాయ్?"

తలూపాను.

"పోనీలే, అవన్నా గుర్తున్నాయి" అంది.

మళ్ళీ ఆ షాపుకి రాలేదు. వాళ్ళు వెళ్ళాక చిన్నాయన నాకు టీ చెప్పించాడు. తాగాను.

ఆ తర్వాత షాపు చాలా ఏళ్ళే నడిచింది, నేనూ ఉన్నాను. చీరలకి నేత పోయి జిగురుతో అతికించిన చమ్కీలు వచ్చాయి. మడత విప్పితే కౌంటరంతా మెరుపుపొడి, మా కనుబొమల మీద కూడా. చొక్కాల కాలర్లలో అట్ట. ఒక రైతు గుండీలు మూడు అరచేతిలో పెట్టుకుని వచ్చి, "ఇవి మీవేనంట, మీ దగ్గరే ఉండనీయండి" అని గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళాడు. చీర పొడుగు చెప్పకుండా తగ్గింది, లావుపాటి ఆడవాళ్ళకి కుచ్చెళ్ళు చాలేవి కావు. మేమేమో వాళ్ళదే తప్పన్నట్టు చూసేవాళ్ళం. డిజైన్లు ఎక్కడివో, ఎవరికో తెలియదు. చామనఛాయకి నప్పని రంగులు, ఎండలో పనిచేసే మనిషి కట్టుకోలేని గుడ్డ. పెద్దాయన్ని సాయంత్రాలు తెచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టేవారు. పనిచేసే చెయ్యి చాచి, దగ్గరున్న బొమ్మ కొంగు రెండు వేళ్ళతో నలిపి చూసేవారు. మాట రాదు. కొన్నాళ్ళకి ఆయన్ని తీసుకురావడం మానేశారు.

జనం కూడా మానేశారు. మేడ మీది అంతస్తు సెల్‌ఫోన్ల వాళ్ళకి అద్దెకి పోయాక నేను బయటికొచ్చి, పాత బస్టాండు దగ్గర రవికె గుడ్డల చిన్న కొట్టు పెట్టుకున్నాను. ఎవరు ఏ గుడ్డ కొన్నా వీధిలోకి తీసుకెళ్ళి చూసుకోమంటాను.

ఒకరోజు ఆ వినుకొండ రోడ్డు పల్లె నుంచి ఒకామె మ్యాచింగ్‌కి వచ్చింది. ఊరి పేరు వినగానే మిరపకాయలక్క బాగుందా అని అడిగాను.

"బాగానే ఉంది. చిన్న మనవడి బారసాల మొన్ననే అయింది. ఆడపడుచు రాలేదు, ఎప్పుడూ రాదుగా. మొగుడొక్కడే వెళ్ళి అక్కని చూసొస్తాడు, అక్కడ ఈవిడ మాటెత్తడు. ఏదో పాత చీర గొడవలే. ఆడపడుచుకి రంగుపోయే చీర పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు."

మ్యాచింగ్ గుడ్డ తప్పు కోశాను. మళ్ళీ కోసిచ్చి పంపించాను. ఇన్నేళ్ళూ నేను దాన్ని షాపులో జరిగిన ఒక ఇబ్బందిగా దాచుకున్నాను. వాళ్ళ ఇంట్లో అది రోజూ జరుగుతూనే ఉంది.

ఆ వారంలోనే కొట్టు మూసి వినుకొండ బస్సెక్కాను. కాయ ఎండబెట్టే రోజులు. మిరపకాయలక్క కల్లంలో ముక్కుకి గుడ్డ కట్టుకుని, రంగు వెలిసిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తోంది. ఏరిన కుప్ప మీద కప్పిన పాత గుడ్డల్లో ఒకదానికి మామిడిపిందెల అంచు ఉంది. ఎరుపన్నది ఎక్కడా లేదు.

నన్ను గుర్తుపట్టింది. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాను. బేళ్ళు రెండని, తెలిసే ఇచ్చానని, ఆ రోజు గుర్తుండే గుర్తు లేదన్నానని. ఆవిడ ఏరడం ఆపకుండా విన్నది.

"నాకెందుకు చెప్తున్నావు? నేనేం అడిగానో నాకు తెలుసుగా" అంది.

ఇంకో తాలుకాయ తీసి పక్కన పడేసింది.

"మా వదినకి చెప్పు."

"ఆదివారం వెళ్తానక్కా."

"ఆదివారం దాకా ఎందుకు? మళ్ళీ మర్చిపోతావు." ముక్కుకి కట్టుకున్న గుడ్డ విప్పి, చేతులు కడుక్కుని వచ్చింది. "పద."

ఆడపడుచు ఊరు చిలకలూరిపేట అవతల. రెండు బస్సులు మారాం. ఆవిడ ముందు, నేను వెనక. దారిలో ఒక్కసారే వెనక్కి తిరిగి, "భోంచేశావా" అని అడిగింది. లేదన్నాను.

ఆ ఇంటి వసారాలో ఆడపడుచు మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. బాగా పెద్దదైపోయింది. నేను మెట్ల దాకా వెళ్ళాను. మిరపకాయలక్క గేటు దగ్గరే ఆగింది.

"ఎవరయ్యా?" అంది ఆడపడుచు. తర్వాత గేటు వైపు చూసి, చేతిలో చింతపండు పళ్ళెంలో పెట్టింది.

"ఆ చీరల షాపు అబ్బాయి" అంది మిరపకాయలక్క అక్కణ్ణించే.

"అబ్బాయేంటి, జుట్టంతా నెరిస్తే." నన్ను పరీక్షగా చూసింది. "అయితే ఇప్పుడు గుర్తొచ్చిందా నాయనా?"

"అప్పుడే గుర్తుందమ్మా" అన్నాను. మిగతాది తల దించుకుని చెప్పాను. గొంతు పెద్దగా రాలేదు.

విని, పళ్ళెం పక్కకి నెట్టింది. పక్కింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు.

"లేచి నిలబడి చెప్పు" అంది. అప్పటికి నేను మెట్టు మీద కూర్చున్నానని నాకే తెలియలేదు. "గట్టిగా చెప్పు. ఆ రోజు నలుగురిలో కదా చెప్పకుండా పోయావు. ఆ గేటు దగ్గర నిలబడ్డదానికి వినపడాలి. వీళ్ళకీ వినపడాలి."

లేచి నిలబడ్డాను. ఒకసారి గేటు వైపు, ఒకసారి ఆవిడ వైపు చూసి చెప్పాను.

"మీ మరదలు మీకూ వాళ్ళ చెల్లెలికీ ఒకటే రకం అడిగిందమ్మా. చెల్లెలిది తగ్గినా పర్లేదంది, మీది తగ్గకూడదంది. రంగు పోతుందని తెలిసి కూడా ఆ చీర ఇచ్చింది నేను. మీరు అడిగినప్పుడు గుర్తుండీ లేదన్నది నేను. ఆవిడ తప్పేం లేదు. తప్పు నాది. మీరిద్దరూ నన్ను క్షమించండి."